రెండవ సభ ఎందుకు? రాజ్యసభ ఆవిర్భావం - ఒక పరిశీలన

స్వతంత్ర భారతదేశానికి ఒకే చట్టసభ చాలునా, రెండు కావలెనా అన్న ప్రశ్న 1947 జూలై 28న రాజ్యాంగ సభలో చర్చకు వచ్చింది. స్వాతంత్ర్యానికి అప్పటికి ఇంకా పద్దెనిమిది రోజులున్నాయి. ఎగువ సభ అన్న మాటకు ఆనాటికే కొంత అపకీర్తి ఉంది. 1919 చట్టం ఏర్పరచిన కౌన్సిల్ ఆఫ్ స్టేట్ అరవై మంది సభ. దానికి ఓటు వేసే హక్కు ఆస్తి, హోదా గల కొద్దిమందికే ఉండేది. అందువల్ల మహమ్మద్ తాహిర్ వంటి సభ్యులకు రెండవ సభ సామ్రాజ్యవాదపు సృష్టిగా కనిపించడంలో వింత లేదు. ప్రగతి రథానికి అది అడ్డుపుల్ల అవుతుందని శిబ్బన్‌లాల్ సక్సేనా భయపడ్డారు.

ప్రతిపాదనను సమర్థించిన ఎన్.గోపాలస్వామి అయ్యంగార్ వాదం మితమైనది. తాత్కాలిక ఉద్రేకాలలో పుట్టే చట్టాన్ని కొంతకాలం నిలిపి పునరాలోచింపజేయడం, అనుభవజ్ఞులకు చర్చలో చోటివ్వడం, ఆయన ఆశించింది ఇంతే. తిరుచానూరులో జన్మించిన మాడభూషి అనంతశయనం అయ్యంగార్ కూడా, ఎన్నికల బరిలో గెలవలేని ప్రతిభావంతులకు ఈ సభ ఆశ్రయం కాగలదని భావించారు. ఈ వాదాలలో సమాఖ్య దృష్టి కంటే పునఃపరిశీలన దృష్టే బలంగా ఉండటం గమనార్హం.

ఆ మొగ్గు రాజ్యాంగంలోనూ కనిపిస్తుంది. అమెరికా సెనేట్‌లో ప్రతి రాష్ట్రానికీ సమాన స్థానాలుండగా, ఇక్కడ స్థానాలు ప్రధానంగా జనాభాను అనుసరించాయి. ద్రవ్య బిల్లును ఎగువ సభ పద్నాలుగు రోజులకు మించి ఆపలేదు. ఐతే ఆ సభను రద్దు చేయడానికి వీలులేదు. రెండేళ్లకొకసారి మూడోవంతు సభ్యులు విరమిస్తారు. రాష్ట్ర జాబితాలోని అంశంపై పార్లమెంటు చట్టం చేయాలంటే మూడింట రెండు వంతుల మెజారిటీతో రాజ్యసభ తీర్మానించే మార్గాన్ని 249వ అధికరణం ఏర్పరచింది. రాష్ట్రాల పక్షాన దానికి దక్కిన విశిష్టాధికారాలలో ఇదొకటి. దీనిని రాష్ట్రాల హక్కులకు కాపలాగా చూడవచ్చు, వాటి పరిధిలోకి కేంద్రానికి తెరచిన తలుపుగానూ చూడవచ్చు.

1950 నుండి 1952 వరకు రాజ్యాంగ సభే తాత్కాలిక పార్లమెంటుగా పనిచేసింది. అది ఏకసభ. జమీందారీ రద్దు చట్టాలకు రక్షణ కల్పించిన మొదటి రాజ్యాంగ సవరణను 1951లో ఆ ఒక్క సభే ఆమోదించింది. సవరణకు రెండు సభలు అవసరమన్న అభ్యంతరాన్ని శంకరీ ప్రసాద్ కేసులో సుప్రీంకోర్టు త్రోసిపుచ్చింది. రెండవ సభ లేనందున కలిగిన మేలేమిటో, లోపమేమిటో తేల్చడానికి ఈ రెండేళ్ల శాసన చరిత్రను ఇంకా శ్రద్ధగా చదవవలసి ఉంది.

1952 ఏప్రిల్ 3న ఏర్పడిన రాష్ట్రాల మండలి మే 13న తొలిసారి సమావేశమైంది. సభ్యులు 216 మంది; వారిలో నామినేటెడ్ సభ్యులు పన్నెండుగురు. సర్వేపల్లి రాధాకృష్ణన్ అధ్యక్షులు కాగా, గోపాలస్వామి అయ్యంగారే తొలి సభానాయకులయ్యారు. నెల్లూరు ప్రాంతీయులైన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ నామినేషన్ ద్వారా, పుచ్చలపల్లి సుందరయ్య మద్రాసు రాష్ట్రం నుండి ఎన్నికై ఆ సభలో ప్రవేశించారు. సంపన్నుల సభగా అపవాదు మోసిన చోట సుందరయ్య కమ్యూనిస్టు పక్షానికి నాయకత్వం వహించడం ఆ మార్పును చెప్పకనే చెబుతుంది.

మరుసటి ఏడాదే ఘర్షణ వచ్చింది. ఆదాయపు పన్ను సవరణ బిల్లును ద్రవ్య బిల్లుగా ధ్రువీకరించిన విషయమై న్యాయమంత్రి సి.సి.బిశ్వాస్ ఎగువ సభలో అన్న మాటలు దిగువ సభకు ఆగ్రహం కలిగించాయి. ఏ ఒక్క సభా తానే పార్లమెంటు కాదని, రెండూ కలిస్తేనే పార్లమెంటని నెహ్రూ సర్దిచెప్పవలసివచ్చింది.

1954 ఆగస్టు 23న 'రాజ్యసభ' అన్న పేరు ఖాయమైంది. హిందీలో 'రాజ్య' అంటే మన 'రాష్ట్రం'. తెలుగులో ఆ శబ్దం రాజుల ఏలుబడిని స్ఫురింపజేస్తుంది. పేరులోని రాష్ట్రాలు తెలుగు పాఠకుడి చెవికి వినిపించవు. 2003లో చేసిన చట్ట సవరణతో అభ్యర్థి ఆ రాష్ట్రపు ఓటరే కావాలన్న నియమం కూడా తొలగింది. 2006లో సుప్రీంకోర్టు దానిని సమర్థించింది. ఆంధ్రప్రదేశ్‌కు పదకొండు, తెలంగాణకు ఏడు స్థానాలున్న నేటి సభలో, ఆ స్థానాలకు పోటీచేసేందుకు ఆ రెండు రాష్ట్రాల ఓటర్లే కానక్కరలేదు.