దరియాగంజ్‌లో మూడు షరతులు

ఆదివారం పొద్దున పాత ఢిల్లీ అంచున, ఆసఫ్ అలీ రోడ్డు పక్కనున్న మహిళా హాట్‌లో అడుగు తీసి అడుగు వేయడం కష్టం. దరియాగంజ్ ఫుట్‌పాత్‌ల మీద దశాబ్దాలు సాగి, 2019లో ఇక్కడికి తరలిన పాత పుస్తకాల సంత అది. వారమంతా ఎదురుచూసిన బేరం ఆ ఒక్క రోజే జరుగుతుంది. సుమారు నూట నలభై ఏళ్ల కిందట ఇదే దరియాగంజ్‌లో, తోలుపని మీద బతికే కొన్ని కుటుంబాలను ఒక మిషన్ ఆదివారం పని మానమని అడిగింది. అడిగిన వాటిలో అది మొదటిది. పుట్టుక, పెళ్లి, చావు వచ్చినప్పుడు క్రైస్తవ పద్ధతి తప్ప మరో పద్ధతి పాటించకూడదన్నది రెండోది. చరస్ తాగకూడదన్నది మూడోది.

అడిగినవారు కేంబ్రిడ్జి మిషన్ పాదిరీలు. 1877లో ఢిల్లీలో అడుగుపెట్టిన ఆ ఆంగ్లికన్ బృందమే 1881లో చాందినీ చౌక్ పక్కన కినారీ బజార్‌లో సెయింట్ స్టీఫెన్స్ కాలేజీ తెరిచింది. పై చదువులు, తత్త్వచర్చలు, మసీదుల్లో మౌల్వీలతో వాదాలు వీళ్లకు ఇష్టమైన పనులు. అయితే వీళ్ల సంఘపు రిజిస్టర్లో ఎక్కువ పేర్లు చదువుకున్నవాళ్లవి కావు, చమార్ కులస్తులవి. వీళ్లకంటే ముందు నుంచీ ఢిల్లీలో ఉన్న ఎస్‌పీజీ అనే ఆంగ్లికన్ మిషనరీ సంఘపు పాదిరి రాబర్ట్ వింటర్ కాలంలో, ముఖ్యంగా 1877-78 కరువు తర్వాత, ఆ బస్తీల్లో బాప్తిస్మాలు పెరిగాయి. కొత్తగా వచ్చిన కేంబ్రిడ్జి యువకులు బస్తీలు తిరిగి చూసి కలతపడ్డారు. పేరు రిజిస్టర్లో ఉంది, బతుకు మాత్రం బిరాదరీలో, అంటే కులబంధువుల కట్టులో ఉంది. పెళ్లిళ్లు కులాచారం ప్రకారమే జరుగుతున్నాయి, తగవులు కులపంచాయతీలోనే తేలుతున్నాయి. బాప్తిస్మం పొందినవాడు, పొందనివాడు ఒకే హుక్కా పీలుస్తున్నారు.

వాళ్లలో జార్జ్ ఆల్‌ఫ్రెడ్ లెఫ్రాయ్ 1879లో వచ్చేనాటికి పాతికేళ్లవాడు. తర్వాత లాహోర్ బిషప్పు, ఆపైన కలకత్తా మెట్రోపాలిటన్ అయ్యాడు. దరియాగంజ్ తోలు కార్మికుల గురించి 1884లో ఆయన రాసిన చిన్న పుస్తకం వల్లే ఈ కథ మనదాకా వచ్చింది. క్రైస్తవ కుటుంబాలు కొన్నిటికి వేరుగా ఒక చిన్న బస్తీ కట్టించి, అందులో ఉండదలచినవాళ్లకు ఆ మూడు షరతులు పెట్టారు.

ఆ పాదిరీలు దిద్దుకున్న సిద్ధాంతంతో పోల్చి చూస్తే ఇక్కడ ఒక చిక్కు కనిపిస్తుంది. ఆంగ్లికన్ సంఘపు ముప్పై తొమ్మిది సూత్రాలు 1571లో స్థిరపడ్డాయి. మనిషి తన పుణ్యం వల్ల కాక విశ్వాసం వల్ల మాత్రమే దేవుని ముందు నీతిమంతుడవుతాడని వాటిలో పదకొండోది చెబుతుంది. సత్క్రియలు ఆ విశ్వాసానికి కాసే పండ్లే తప్ప, రక్షణకు చెల్లించే వెల కావని పన్నెండోది చెబుతుంది. వెల లేని రక్షణకు షరతులెందుకు? పాదిరీల జవాబు తేలికైనదే: ఇవి రక్షణకు షరతులు కావు, విశ్వాసం ఉందనడానికి ఆనవాళ్లు. కాగితం మీద ఈ తేడా స్పష్టంగానే ఉంది. రోజు కూలీతో ఇల్లు గడిపే కుటుంబానికి మాత్రం ఆనవాలైనా, వెల అయినా కోల్పోయేది ఒకటే, ఆ రోజు సంపాదన.

ఈ తగవు ఢిల్లీలో పుట్టింది కాదు. క్రైస్తవం పుట్టిన మొదటి తరంలోనే, క్రీ.శ. 50 ప్రాంతంలో, యెరూషలేములో అపొస్తలులు దీనికోసమే కూడారు. యూదులు కాని అన్యజనులు యేసును నమ్మితే, వాళ్లు సున్నతి చేయించుకుని మోషే ధర్మశాస్త్రం మొత్తం పాటించాలా? అక్కర్లేదని సభ తేల్చింది. అలా తేలుస్తూనే ఒక చిన్న జాబితా పంపింది: విగ్రహాలకు అర్పించినదాన్ని, రక్తాన్ని, గొంతు పిసికి చంపినదాన్ని తినవద్దు, జారత్వానికి దూరంగా ఉండండి. ధర్మశాస్త్రపు బరువు దించిన సభే నాలుగు నియమాలు చేతికిచ్చింది. అపొస్తలుల కార్యముల 15వ అధ్యాయం చదివే తెలుగు పాఠకుడికి ఆ నాలుగింట్లో మూడు తిండి గురించేనన్నది వెంటనే తగులుతుంది. ఎవరితో కూర్చుని ఏం తింటావన్నదే అసలు తగవు. అంతియొకయలో అన్యజనులతో కలిసి తింటున్న పేతురు, యాకోబు దగ్గర నుంచి మనుషులు రాగానే పంక్తి విడిచి లేచిపోతే, పౌలు అందరి ముందూ నిలదీశాడు. గలతీయులకు రాసిన పత్రికలో ఆ కోపం ఇప్పటికీ వేడిగా ఉంటుంది.

విశ్వాసం వల్లనే తప్ప ధర్మశాస్త్ర క్రియల వల్ల కాదన్నాడు పౌలు. ఒట్టి విశ్వాసం చాలదు, క్రియలు లేకపోతే అది మృతమన్నాడు యాకోబు. ఇద్దరూ సాక్ష్యానికి తెచ్చింది ఒకే అబ్రాహామును. పదిహేను వందల ఏళ్ల తర్వాత లూథర్ పౌలు మాట పట్టుకుని యాకోబు పత్రికను చిన్నచూపు చూశాడు. 1547లో ట్రెంట్ మహాసభ, విశ్వాసం ఒక్కటే చాలనే మాటను శాపవాక్యంతో తోసిపుచ్చింది. యూరప్ రెండుగా చీలింది. 1999 అక్టోబరు 31న ఆగ్స్‌బర్గ్‌లో లూథరన్ ప్రపంచ సమాఖ్య, కాథలిక్ సంఘం ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు చేశాయి: రక్షణ కృప వల్లనే, సత్క్రియలు దాని ఫలాలు, ఒకరినొకరు శపించుకున్న పాత మాటలు ఇప్పటి బోధకు వర్తించవు. 1842లో ఫాదర్ హయ్యర్ రాకతో మొదలైన గుంటూరు లూథరన్లకూ, పక్క వీధి కాథలిక్కులకూ మధ్య సిద్ధాంతపు గోడ అలా కొంత కరిగింది.

దరియాగంజ్ బస్తీలో మాత్రం తగవు పుస్తకాల్లోది కాదు. మీరు ఎవరివాళ్లో తేల్చుకోండని పాదిరీలు అంటుంటే, బిరాదరీ కూడా అదే మాట అంది. కులపెద్దలు పంచాయతీ పెట్టారు. గంగాజలం తెచ్చి ముందుంచారు. దాన్ని పట్టి ప్రమాణం చేసినవాడు బిరాదరీవాడు, కాదన్నవాడు బయటివాడు. కాదన్నవాడి కూతురికి సంబంధం దొరకదు, ఇంట్లో చావు జరిగితే పాడె మోసే నలుగురు రారు. హుక్కా పానీ బంద్. సంఘపు రిజిస్టర్లో పేరున్నవాళ్లలో ఎక్కువమంది ఆ పరీక్షలో కులం వైపే నిలిచారు. క్రైస్తవులమని గట్టిగా నిలబడినవాళ్లు కొద్దిమందే.

లెఫ్రాయ్ దీన్ని ఓటమిగా భావించలేదు. పొట్టు పోయి గింజ మిగిలిందన్నట్టు చూశాడు. నిలబడిన ఆ కొద్దిమంది ధైర్యం నిజంగా గొప్పది, దాన్ని తక్కువ చేయడానికి ఎవరికీ హక్కు లేదు. వెనుదిరిగినవాళ్లది విశ్వాసం కాదనడం మాత్రం అన్యాయం. ఆ రోజు కొలిచింది విశ్వాసాన్ని కాదు. వెలిని తట్టుకునే ఆసరా ఎవరికుంది అన్నదాన్ని.

ఈ మాటకు ఢిల్లీలోనే సాక్ష్యం దొరుకుతుంది. 1852 జులై 11న కశ్మీరీ గేట్ దగ్గర సెయింట్ జేమ్స్ చర్చిలో ఇద్దరు పెద్దమనుషులు బాప్తిస్మం పొందారు. ఒకరు ఢిల్లీ కాలేజీ గణితాచార్యుడు మాస్టర్ రామచంద్ర. గరిష్ఠ, కనిష్ఠ విలువల మీద ఆయన రాసిన గ్రంథాన్ని 1859లో గణితజ్ఞుడు డి మోర్గన్ లండన్‌లో మళ్లీ అచ్చు వేయించాడు. రెండోవారు డాక్టర్ చిమన్‌లాల్. నగరం అట్టుడికింది. ఇద్దరూ అయినవాళ్లకు దూరమయ్యారు. 1857 మే 11న తిరుగుబాటు సిపాయిలు నగరంలోకి వచ్చిన రోజే చిమన్‌లాల్ హతుడయ్యాడు. ఆయన పేరిట శిలాఫలకం ఇప్పటికీ ఆ చర్చిలో ఉంది. రామచంద్ర తప్పించుకుని బతికి, రూర్కీలో పాఠం చెప్పి, ఢిల్లీలో హెడ్‌మాస్టరై, పటియాలా సంస్థానంలో విద్యాశాఖ నడిపాడు. ఆయన త్యాగం చిన్నది కాదు. అయినా కులం తలుపు మూసినప్పుడు ఆయనకు ప్రభుత్వ జీతం ఉంది, చదువుంది, పేరుంది. తోలు కార్మికుడికి బిరాదరీ తప్ప ఏముంది?

ఇదే కాలంలో మన ఒంగోలులో జరిగినదాన్ని పక్కన పెట్టి చూస్తే విషయం ఇంకా తేటపడుతుంది. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లవ్ 1866లో ఒంగోలు చేరాడు. అక్కడ మొదటి అడుగు వేసింది తాళ్లకొండపాడుకు చెందిన మాదిగ తోలు వ్యాపారి యెర్రగుంట్ల పేరయ్య. తోళ్ల బేరానికి ఊరూరా తిరిగే పేరయ్య, తిరిగిన చోటల్లా తన నమ్మకాన్ని చెప్పుకుంటూ పోయాడు. క్లవ్ కూడా చేరేవాళ్లకు మూడే నియమాలు పెట్టాడు: ఆదివారం పని చేయవద్దు, చచ్చిన గొడ్డు మాంసం తినవద్దు, విగ్రహాలకు మొక్కవద్దు.

పల్లెలో ఈ మూడూ ఎక్కడ తగులుతాయో తెలుగువాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. ఆదివారం పని మానితే వెట్టి మానినట్టే, కరణం, మునసబు కబురు పెడితే పోననడమే. చచ్చిన గొడ్డు మాదిగవాడికి తిండి మాత్రమే కాదు, ఊరికి చెప్పులు, తోలు బొక్కెనలు చేసి ఇచ్చినందుకు దక్కే హక్కు. మొక్కు మానడమంటే జాతరలో డప్పు కొట్టనని చెప్పడం. మూడు వాక్యాల్లో ఊరి వ్యవస్థ మొత్తం కదిలింది. అందుకే ఊరిపెద్దలు మండిపడ్డారు, క్రైస్తవులైన మాదిగల మీద కేసులు, దెబ్బలు, బావి దగ్గర కట్టడులు వచ్చాయి.

అయినా ఒంగోలులో జనం వెనుదిరగలేదు. 1876-78 కరువులో బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల కాంట్రాక్టు తీసుకుని క్లవ్ వేల మందికి కూలి చూపించాడు. తిండికోసం మతం పుచ్చుకున్నారన్న నింద రాకూడదని, కరువు ఉన్న సుమారు పదిహేను నెలలూ బాప్తిస్మాలు ఆపేశాడు. మూసిన తలుపు తెరిచాక 1878 జులై 3న ఒక్క రోజులో 2,222 మంది గుండ్లకమ్మ ఒడ్డున బాప్తిస్మం పొందారు. రోజులు గడిచేకొద్దీ ఆ లెక్క ఇంకా పెరిగింది.

ఢిల్లీ చమారుకంటే ఒంగోలు మాదిగకు విశ్వాసం ఎక్కువా? అలా అనడానికి ఆధారం లేదు. ఒంగోలులో పల్లెకు పల్లె, చుట్టరికానికి చుట్టరికం కలిసి కదిలింది. పెళ్లి సంబంధాలూ, పాడె మోసే భుజాలూ వెంటే వచ్చాయి. నియమం అక్కడ తనవాళ్ల మధ్య పాటించే కట్టుబాటయింది. దరియాగంజ్‌లో అదే నియమం మనిషిని తనవాళ్ల నుంచి విడదీసింది. ఒక్కొక్క కుటుంబాన్ని వేరు చేసి, వేరే ఇళ్లలో పెట్టి, ఆనవాళ్లు చూపమన్నారు. పౌలు అంతియొకయలో కోప్పడింది పంక్తిని విడగొట్టినందుకే. దరియాగంజ్ పాదిరీలు మంచి మనసుతోనే అయినా అదే పొరపాటు చేశారు.

విశ్వాసాన్ని క్రియలతో కొలిచే పని ఇప్పుడు పాదిరీల చేతుల్లో లేదు. దరియాగంజ్‌కు కాస్త దూరంలో, తిలక్ మార్గ్‌లోని సుప్రీంకోర్టుకు వచ్చింది. 1950 ఆగస్టు 10 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డ్ కులాల హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, క్రైస్తవులను చేర్చలేదు. అందుకే ఎవరు క్రైస్తవులో తేల్చే పని న్యాయమూర్తుల మీద పడింది. 1976లో గుంటూరు మెడికల్ కాలేజీ కేసు వచ్చింది. మాదిగ కులం నుంచి క్రైస్తవంలో చేరిన దంపతుల కొడుకు హిందువుగా మారి రిజర్వుడు సీటు అడిగాడు. తిరిగి వచ్చినవాణ్ణి ఆ కులం తనవాడిగా అంగీకరించిందా అన్నదే కోర్టు ముఖ్యంగా చూసింది. గంగాజలం లేదు, ప్రశ్న మాత్రం బిరాదరీదే. 2024 నవంబరు 26న, అదే హోదా కోరిన పుదుచ్చేరి మహిళ కేసులో కోర్టు ఆమె బాప్తిస్మాన్ని, క్రమం తప్పకుండా చర్చికి వెళ్లడాన్ని చూసి, తాను హిందువునన్న ఆమె వాదనను తోసిపుచ్చింది. నిజమైన నమ్మకం లేకుండా ప్రయోజనం కోసమే మతం మారితే అది రాజ్యాంగాన్ని మోసగించడమేనని చెప్పింది.

చర్చికి వెళ్లిన మాత్రాన మాదిగపల్లె పేరు మారలేదు, బావి దగ్గర వరుస మారలేదు, సమాధుల స్థలం కూడా కొన్ని చోట్ల వేరుగానే మిగిలింది. క్రీస్తును నమ్మినందుకు రక్షణ దొరికిందో లేదో దేవుడు చూసుకుంటాడు. కులం వల్ల వచ్చిన దెబ్బ నమ్మకంతో పాటు పోయిందని ప్రభుత్వం అనుకోవడం మాత్రం తప్పు. మతంతో ముడిపెట్టకుండా ఈ హోదా ఇవ్వాలని రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లోనే సిఫారసు చేసింది. 2022 అక్టోబరులో కేంద్రం జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన మరో కమిషన్ వేసి, రెండేళ్ల గడువిచ్చి, ఆ గడువును పొడిగించింది. షెడ్యూల్డ్ కులాల నుంచి క్రైస్తవంలో చేరినవాళ్లకు ఆ హోదా కొనసాగించాలని కోరుతూ 2023 మార్చి 24న ఆంధ్రప్రదేశ్ శాసనసభ తీర్మానం చేసి ఢిల్లీకి పంపింది. ఆ తీర్మానానికి ఢిల్లీ అవునని చెప్పాలి.