రెనో 5 టర్బో: 400 కార్ల రూలు, 40 ఏళ్ళ పార్టుల వేట

1983లో వచ్చిన ‘నెవర్ సే నెవర్ అగైన్’ అనే జేమ్స్ బాండ్ సినిమాలో బాండ్ మోటార్‌సైకిల్ మీద ఒక చిన్న ఎర్ర కారు వెంటపడతాడు. బుజ్జి కారే, కానీ వెనక చక్రాల దగ్గర మాత్రం బుగ్గలు ఉబ్బినట్టు ఇంత వెడల్పు. దాని పేరు రెనో 5 టర్బో. రెనో అంటే కొత్తదేం కాదు, మనం రెనాల్ట్ అంటాం కదా, మన రోడ్ల మీద తిరిగే క్విడ్ కంపెనీయే. ఇవాళ ఆ ఎర్ర కారు గురించి, దానికి ఒక పార్టు కావాలంటే ఏమవుతుంది అనే దాని గురించి మాట్లాడుకుందాం. పార్టుల గోలలో చరిత్ర ఏముంది అనుకోకండి. ఈ కారుకి ఏ పార్టు దొరుకుతుంది, ఏది దొరకదు అనేది 1980కి ముందే నిర్ణయమైపోయింది.

మామూలు రెనో 5 అనేది 1972లో వచ్చింది. గీసినాయన మిషెల్ బూయే. పాపం, అదే ఏడాది చనిపోయాడు, తన కారు ఎంత పెద్ద హిట్టో చూసుకోలేదు. కూరగాయలు తెచ్చుకోడానికి, ఆఫీసుకి వెళ్ళడానికి ఫ్రాన్స్‌లో ఇంటింటి కారు అది. ఇంజిను ముందు, నడిచేవి ముందు చక్రాలు. మొత్తం 50 లక్షలకు పైగా తయారయ్యాయి.

ఇప్పుడు ర్యాలీల సంగతి. 1974, 75, 76, వరసగా మూడేళ్ళు ప్రపంచ ర్యాలీ చాంపియన్‌షిప్ ఇటలీ కంపెనీ లాన్సియాది. కారు స్ట్రాటోస్. డ్రైవరు వీపు వెనక ఇంజిను పెట్టి, రేసు కోసమే పుట్టించిన కారు. రెనోలో జాన్ టెరామోర్సి అనే పెద్ద అధికారికి ఒక ఆలోచన వచ్చింది: మన రెనో 5 లోనే వెనక సీటు పీకేసి అక్కడ ఇంజిను పెడితే? చెప్పుకోడానికి జనం కారు, లోపల రేసు కారు. టెరామోర్సి 1976లో పోయాడు, కానీ ప్రాజెక్టు ఆగలేదు. బాడీ గీసే పని ఇటలీలోని బెర్టోనే స్టూడియోకి వెళ్ళింది. అక్కడ మార్క్ దెషాంప్ దాన్ని చేతికి తీసుకున్నాడు. 1978లో పారిస్ మోటార్ షోలో చూపించారు, 1980లో అమ్మకానికి వచ్చింది.

అమ్మకానికి ఎందుకు రావాలి, రేసుకి పది కార్లు చేసుకుంటే సరిపోదా అంటే, కుదరదు. హోమొలొగేషన్ అని ఒక రూలుంది. నువ్వు ర్యాలీలో నడిపే కారు జనానికి కూడా అమ్మాలి. అప్పటి గ్రూప్ 4 రూలు ప్రకారం కనీసం 400 కార్లు చేసి చూపించాలి. అందుకని ఫ్రాన్స్ ఉత్తర తీరంలో దియెప్ ఊళ్ళో ఉన్న ఆల్పీన్ ఫ్యాక్టరీకి పని అప్పజెప్పారు. ఆల్పీన్ కూడా రెనో చేతిలోదే, 1973లో మొదటి ప్రపంచ ర్యాలీ టైటిల్ గెలిచినవాళ్ళు. చిన్న ఫ్యాక్టరీ, చేతి పని ఎక్కువ.

ఫలితం? 1981 జనవరిలో మాంటెకార్లో ర్యాలీ గెలిచేశారు, డ్రైవరు జాన్ రాన్యోటి. తర్వాత 1982లో కోర్సికా ర్యాలీ కూడా ఆయనే. ఆ కథ వేరే ఎపిసోడ్‌కి సరిపోతుంది, ఇప్పుడు వదిలేద్దాం. మనకి కావాల్సింది ఆ 400 అంకె. రూలు కోసం చేసిన కారు కాబట్టి రూలు తీరేవరకే కంపెనీకి దాని మీద మోజు. జనం బాగానే కొన్నారు కాబట్టి 400 దగ్గర ఆపలేదు గానీ, అన్నీ కలిపినా 5,000 దాటలేదు. 50 లక్షల కార్లకి పార్టులు అమ్మే కంపెనీ 5,000 కార్లకి ఎన్నాళ్ళు అచ్చులు దాచిపెడుతుంది చెప్పండి?

సరే, ఇప్పుడు మీ చేతిలో ఒక రెనో 5 టర్బో ఉంది అనుకుందాం. (అనుకోడానికి డబ్బులు పెట్టక్కర్లేదు కదా.) ఇంజినుతో మొదలుపెడదాం, ఎందుకంటే అందరూ భయపడేది దాని గురించే, కానీ నిజానికి అదే తేలిక. ఇది 1,397 సీసీ ఇంజిను. రెనో దాన్ని కొత్తగా చెయ్యలేదు. 1962 నుంచి ఉన్న పోత ఇనుము బ్లాకు, పేరు క్లెయాన్-ఫోంత్. క్లెయాన్ అనేది ఫ్యాక్టరీ ఉన్న ఊరు, ఫోంత్ అంటే పోత ఇనుము. అంతే, పేరులో కవిత్వం ఏమీ లేదు. ఈ కుటుంబం ఇంజిన్లు ఎన్ని రెనోల్లో వెళ్ళాయో లెక్కలేదు. రొమేనియాలో డాచియా కంపెనీ 2000 తర్వాత కూడా దీన్ని తయారు చేస్తూనే ఉంది. కాబట్టి బేరింగులు, సీళ్ళు, గాస్కెట్లలో చాలా వరకు యూరప్‌లో ఇప్పటికీ దొరుకుతాయి. లైనర్లు విడిగా ఊడొచ్చే రకం, అరిగితే బ్లాకు పారెయ్యక్కర్లేదు. పిస్టన్లు మాత్రం టర్బోకి తగ్గవే వెయ్యాలి, పైన హెడ్డు కూడా మామూలు రెనో 5 ది కాదు. అక్కడ జాగ్రత్త.

టర్బో గ్యారెట్ టీ3. అప్పట్లో దాన్ని చాలా కంపెనీలు వాడాయి, రిపేరు కిట్లు ఉన్నాయి. పెట్రోలు పంపేది బాష్ కె-జెట్రానిక్. అందులో కంప్యూటర్ లేదు. లోపలికి వచ్చే గాలి ఒక పళ్ళాన్ని పైకి ఎత్తుతుంది, ఆ పళ్ళెం ఒక చిన్న ప్లంజర్‌ని కదుపుతుంది, దాన్ని బట్టి పెట్రోలు వెళ్తుంది. అదే సిస్టమ్ బెంజ్‌లో ఉంది, పోర్షాలో ఉంది, ఫోక్స్‌వాగన్ గోల్ఫ్ జీటీఐలో ఉంది. బాగుచేసే మెకానిక్‌లు జర్మనీ నిండా ఉన్నారు. దీనికి పెద్ద శత్రువు వాడకం కాదు, వాడకపోవడం. ఏళ్ళ తరబడి షెడ్డులో పెట్టేస్తే పాత పెట్రోలు జిగురులా మారి ప్లంజర్ పట్టేస్తుంది. గేర్‌బాక్సు రెనో 30 అనే పెద్ద కారుది.

గమనించారా? ఎక్కడెక్కడ కంపెనీ డబ్బు మిగుల్చుకోడానికి తన అరలోంచి పాత సామాను తీసి పెట్టిందో, అక్కడ మనకి పార్టు దొరుకుతోంది. ఎక్కడ మోజు పడి కొత్తగా చేయించిందో, అక్కడ చుక్కలు కనిపిస్తున్నాయి.

మొదటి టర్బోలో రూఫు, తలుపులు, డిక్కీ తలుపు అల్యూమినియంవి, బరువు తగ్గడానికి. వెనక ఉబ్బిన బుగ్గలు ఫైబర్‌వి. లోపల బెర్టోనే వాళ్ళు డిజైన్ చేసిన సీట్లు, స్టీరింగు, డాష్‌బోర్డు. ఎరుపు, నీలం కలిపి సైన్స్ ఫిక్షన్ సినిమా సెట్టులా ఉంటుంది. ఆ స్టీరింగు చూస్తే తయారుచేస్తూ మధ్యలో ఆపేశారా అనిపిస్తుంది, రెండు పక్కలా ఒకేలా ఉండదు. వాటిలో ఒక ప్లాస్టిక్ ముక్క విరిగితే ఇంకే కారులోంచీ తీసి పెట్టలేం. మన విజయవాడ ఆటోనగర్ లాంటి చోటుకి వెళ్ళి ‘అన్నా, దీనికి సరిపోయేది ఏదైనా చూడు’ అంటే కుదిరే పని కాదు. ఉంటే ఇంకో టర్బోలోనే ఉండాలి, ఆ టర్బో ఎవరో ఒకరి ప్రాణం.

ఇంకో తమాషా ఏంటంటే, ఈ ఖర్చు కంపెనీకీ భారమే అయింది. 1983లో టర్బో 2 తెచ్చారు. ఇంజిను అదే, బలం అదే, 160 హార్స్‌పవర్. కానీ అల్యూమినియం రూఫు, తలుపులు పోయి ఉక్కువి వచ్చాయి. బెర్టోనే డాష్‌బోర్డు పోయి, మామూలు రెనో 5 ఆల్పీన్ టర్బోది వచ్చింది. అప్పట్లో టర్బో 2 అంటే కాస్త చవక సరుకు. ఇవాళ దాని తలుపు సొట్టపడితే మామూలు రెనో 5 తలుపు వెతుక్కోవచ్చు, డాష్‌బోర్డు కూడా అంతే. రోజూ నడుపుకునేవాడికి ఆ చవక సరుకే వరం. మ్యూజియంలో పెట్టేవాడు మాత్రం మొదటిదే కావాలంటాడు.

అసలు కష్టం ఇవేవీ కాదండి. టైర్లు! నవ్వకండి. టైరు అరిగే వస్తువు, మార్చి తీరాలి. ఈ కారుకి ఫ్యాక్టరీ ఇచ్చిన టైర్లు మిషెలిన్ టీఆర్‌ఎక్స్. 1970ల మధ్యలో మిషెలిన్ ఒక కొత్త ఆలోచనతో వచ్చింది. మామూలు రిమ్ము అంచు నిటారుగా పైకి లేస్తుంది, టైరు పక్కగోడ అక్కడ మడత పడుతుంది. టీఆర్‌ఎక్స్‌లో రిమ్ము అంచుని పొట్టిగా, బయటికి వాలినట్టు చేశారు. టైరు పక్కగోడ మెలిక లేకుండా వంపు తిరుగుతుంది. సుఖమూ ఉంటుంది, మలుపులో పట్టూ ఉంటుంది. మంచి ఆలోచనే. కానీ మామూలు టైరు పొరపాటున ఆ రిమ్ముకి ఎక్కిస్తే ప్రమాదం. అందుకని ఎక్కనే ఎక్కకుండా సైజులు అంగుళాల్లో కాకుండా మిల్లీమీటర్లలో పెట్టారు.

రెనో 5 టర్బోకి ముందు 340 మిల్లీమీటర్ల రిమ్ము, వెనక 365. లెక్క చూడండి: 14 అంగుళాలంటే సుమారు 356 మిల్లీమీటర్లు, 15 అంటే 381. మన 365 ఆ రెండింటికీ మధ్యలో ఇరుక్కుంది. ముందున్న 340 కూడా అంతే, 13కీ 14కీ మధ్యలో. అంటే ప్రపంచంలో ఉన్న ఏ మామూలు టైరూ దీనికి పట్టదు. పైగా ముందొక సైజు, వెనకొక సైజు. కొన్నేళ్ళకే మామూలు రిమ్ముల మీద కూడా మంచి లో-ప్రొఫైల్ టైర్లు వచ్చేశాయి. టీఆర్‌ఎక్స్ అవసరం తీరిపోయింది, కార్లు మాత్రం మిగిలాయి. ఇందులో రెనో ఒక్కటే కాదు, ఫెరారీ టెస్టరోస్సా కొన్నవాళ్ళు కూడా ఇదే క్యూలో నిలబడ్డారు. ఇవాళ మిషెలిన్ తన పాత కార్ల విభాగంలో కొన్ని టీఆర్‌ఎక్స్ సైజులు మళ్ళీ తయారు చేస్తోంది. ధర మామూలు టైరుకి చాలా రెట్లు.

కొందరు ఏం చేస్తారంటే ఎక్కడో పాత స్టాకు, ‘ఎప్పుడూ వాడలేదు సార్’ అని అమ్మేది కొంటారు. దయచేసి ఆ పని చెయ్యకండి. ఇది మీ బైకుకీ పనికొచ్చే మాట: 2000 నుంచి తయారైన టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం. మూడే అంకెలుంటే అది 2000కి ముందుది. వాడకపోయినా రబ్బరు గట్టిపడుతుంది, లోపల పగులుతుంది.

ఇంకో దారి, రిమ్ములే మార్చెయ్యడం. అంగుళాల సైజు రిమ్ములు వేస్తే టైర్ల బాధ తీరుతుంది. కానీ అప్పుడు ఇది అసలు కారేనా అని ఒక వర్గం గొడవ. ఈ గొడవ వెనక డబ్బుంది. ఫ్యాక్టరీ నుంచి ఎలా వచ్చిందో అలాగే ఉన్న కారు ధర ఒకటి, మార్చిన కారు ధర ఒకటి. మొదటి టర్బోకి యాక్సిడెంట్ అయితే, అల్యూమినియం తలుపు దొరక్క ఉక్కు తలుపు వేసి, పైన రంగు కొట్టి అమ్మేస్తే కొనేవాడికి తెలిసేదెలా? అయస్కాంతం పెట్టి చూస్తే తెలుస్తుంది. ఉక్కుకి అతుక్కుంటుంది, అల్యూమినియంకి అతుక్కోదు. ఇంకా ముదిరితే, మామూలు రెనో 5 కి ఫైబర్ బుగ్గలు అతికించి టర్బో అని చెప్పేవాళ్ళూ ఉన్నారు. అందుకే వెనక సీటు ఉండాల్సిన చోట ఇంజిను ఉందో లేదో ముందు చూడాలి, తర్వాత ఛాసిస్ నంబరు.

నా వరకు నేను రిమ్ములు మార్చేవాళ్ళ వైపే. అసలు నాలుగు రిమ్ములూ శుభ్రం చేసి, గుడ్డ చుట్టి షెడ్డులో దాచి, అమ్మేటప్పుడు కారుతో పాటు ఇచ్చెయ్యాలి. రూఫు, తలుపులు అలా కాదు, ఒకసారి కోసి పారేస్తే తిరిగి రావు. అక్కడ మాత్రం సొట్ట తీయించే మంచి మేస్త్రీ దొరికేదాకా ఎన్ని నెలలైనా ఆగడమే. అల్యూమినియం సొట్ట తీయడం ఉక్కుతో చేసినట్టు కాదు, ఎక్కువ కొడితే సాగిపోతుంది, వేడి ఎక్కువైతే కరిగి కూర్చుంటుంది.

ఒక కొత్త విషయం చెప్పి ముగిస్తా. రెనో ఇప్పుడు 5 టర్బో 3ఈ అని కరెంటు కారు ప్రకటించింది. అదే ఉబ్బిన బుగ్గలు, 540 హార్స్‌పవర్. వెనక రెండు చక్రాల్లోపలే రెండు మోటార్లు. ఈసారి ర్యాలీ రూలేమీ లేదు, లెక్క వాళ్ళే పెట్టుకున్నారు: పాత కారు పుట్టిన ఏడాది గుర్తుగా 1,980 కార్లు. చక్రాలు 20 అంగుళాలు. అవునండి, అంగుళాలే.