నేర్పుకు చట్టం పెట్టిన కొలత

నంద్యాల, ఆళ్లగడ్డలు 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలోకి రాకముందు కర్నూలు జిల్లాలో ఉండేవి; 1953 దాకా మద్రాసు పాలన కింద ఉన్నాయి కాబట్టి ఈ ప్రాంతపు పేకాటకు వర్తించింది నిజాం ప్రభుత్వ చట్టం కాదు, 1930 నాటి మద్రాసు జూద చట్టం. పందెం ఆడించే ఇంటివారిని, అక్కడ చేరినవారిని శిక్షించిన ఆ చట్టం కేవలం నేర్పు మీద నడిచే ఆటలను మినహాయించింది గాని, నేర్పును ఎలా కొలవాలో చెప్పలేదు.

ఆ కొలత సికింద్రాబాదు నుంచి వచ్చింది. అక్కడి క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్బుపై 1963లో జరిగిన పోలీసు దాడి సుప్రీంకోర్టు దాకా వెళ్లగా, 1967 నవంబరు 22న జస్టిస్ హిదయతుల్లా వెలువరించిన తీర్పు మూడు ముక్కలాటను అదృష్టం కిందికి నెట్టి, పడిన ముక్కలను గుర్తుంచుకోవడం, ఏది ఉంచుకోవాలో ఏది పారేయాలో తేల్చుకోవడం అవసరం గనుక పదమూడు ముక్కల రమ్మీలో నేర్పుదే పైచేయి అని నిర్ణయించింది. 1974లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమంతటికీ ఒకటిగా వచ్చిన జూద చట్టం కూడా తన 15వ సెక్షనులో నేర్పు ఆటల మినహాయింపును నిలుపుకుంది.

తీర్పు సరైనదే అయినా, అది చూసిన నేర్పు చేతిలోని ముక్కలది మాత్రమే. 201 పూల్‌లో, అంటే 201 పాయింట్లు చేరినవారు తప్పుకుని చివరిదాకా నిలిచినవారు సొమ్ము తీసుకునే పద్ధతిలో, 160 దగ్గర ఉన్న ఆటగాడు ఓడితే పడగల 80 పాయింట్ల పూర్తి కౌంటును భరించలేడు. మొదటే డ్రాప్ అయి, అంటే ఆ ఆట వదిలేసి, 25తో బయటపడటం అతనికి మేలు. 40 దగ్గర ఉన్నవాడు అవే ముక్కలతో ధైర్యంగా ఆడతాడు. తన వంతు ఆలస్యంగా వచ్చేవాడికి, ముందువారు ఎందరు డ్రాపయ్యారో తెలిసిపోతుంది.

పోకరు టోర్నమెంటులో ఇదే ఆలోచన లెక్కగా మారింది. అక్కడ చివరి వంతులకు దగ్గరగా ఉండటాన్ని లేట్ పొజిషన్ అని, పందేలతో పోలిస్తే బిళ్లలు ఎక్కువగా ఉండటాన్ని డీప్ స్టాక్ అని అంటారు. 1978కి ముందు వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ ప్రధాన పోటీలో మొత్తం సొమ్ము ఒక్కరిదే; ఆ ఏడాది నుంచి దాన్ని మొదటి ఐదుగురికి పంచడంతో, బిళ్లల విలువ సొమ్ము విలువతో సమానం కాకుండా పోయింది. సమాన బిళ్లలతో నలుగురు మిగిలి, 100 రూపాయలను 50, 30, 20గా పంచే పోటీలో ఒక్కొక్కరి వాటా విలువ 25 రూపాయలు. ఒకరిని ఓడించి బిళ్లలు రెట్టింపు చేసుకున్నవాడి వాటా 50కి కాక సుమారు 38 రూపాయల 33 పైసలకే చేరుతుంది. కనుక మొత్తం బిళ్లలు ఒడ్డేవాడికి నూటికి 65 సార్లకు పైగా గెలుపు కావాలి. బిళ్లలు ఎక్కువగా ఉండి చివర్లో కూర్చున్నవాడు ముందువారికి ఉండే ఈ ఓటమి భయం మీదే ఒత్తిడి తెస్తాడు; తనకు సమానమైన కుప్ప ఉన్నవాడితో మాత్రం తానూ జాగ్రత్త పడతాడు. ఈ లెక్క తెలిసినవాడికీ తెలియనివాడికీ మధ్య తేడా అదృష్టంతో పూడేది కాదు.

అయినా పోకరుకు భారతీయ న్యాయంలో స్థిరమైన చోటు దొరకలేదు: నాగాలాండ్ 2016 చట్టం దాన్ని నేర్పు ఆటగా చేర్చగా, గుజరాత్ హైకోర్టు 2017లో అదృష్టపు ఆటగా చూసింది. ఆంధ్రప్రదేశ్ 2020లో ఆన్‌లైన్ పందేలను నిషేధించింది. 2025 ఆగస్టులో రాష్ట్రపతి ఆమోదం పొందిన కేంద్ర చట్టం, నేర్పా అదృష్టమా అన్న విచారణే లేకుండా, ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడే ఆటలన్నిటినీ నిషేధ పరిధిలోకి తెచ్చింది. దానితో 1967 తీర్పు గీసిన గీత నంద్యాలలోనైనా ఆళ్లగడ్డలోనైనా బల్ల చుట్టూ కూర్చుని ఆడే ఆటకే పరిమితమైంది.