పన్నెండు జేనల కుటి

రాజగృహాన్ని చుట్టి ఉన్న కొండలలో ఇసిగిలి ఒకటి. ఒక ఏడు దాని వాలు మీద పలువురు భిక్షువులు గడ్డి గుడిసెలు వేసుకొని వర్షావాసం గడిపారు. మూడు నెలలు నిండగానే గుడిసెలను విప్పి, గడ్డినీ కట్టెలనూ భద్రపరచి చారికకు బయలుదేరారు. ధనియ భిక్షువు ఒక్కరే కదలలేదు. వినయపిటకంలో రెండవ పారాజిక నిదాన కథ ఇలా మొదలవుతుంది. అది దొంగతనాన్ని గురించిన నియమం కనుక పాఠకుల దృష్టి సాధారణంగా కథ చివరన వచ్చే బింబిసారుని కలప మీదికే పోతుంది. కొండ మీది గుడిసెను గురించి ఆ కథ తొలి భాగం చెప్పేది అంతకు తక్కువ విలువైనది కాదు.

ధనియుడు భిక్షకు వెళ్లిన వేళ చూసి, గడ్డి, కట్టెలు ఏరుకొనేవారు ఆయన గుడిసెను విప్పి పట్టుకుపోయారు. మళ్లీ కట్టుకుంటే మళ్లీ పట్టుకుపోయారు. మూడవసారీ అంతే. ఆయన కుమ్మరి ఇంట పుట్టి ఆ విద్య బాగా నేర్చినవారు. ఈసారి గుడిసె మొత్తాన్ని మట్టితోనే నిలిపి, గడ్డి, కట్టెలు, పేడ పోగుచేసి కాల్చారు. అది ఇంద్రగోపంలా, అంటే మన ఆరుద్ర పురుగులా, ఎర్రగా ఉందనీ, తడితే చిరుగంటలా మోగిందనీ గ్రంథం వర్ణిస్తుంది. గృధ్రకూటం దిగి వస్తూ దానిని చూసిన బుద్ధ భగవానుడు పగలగొట్టించారు. అందం ఆయన అభ్యంతరం కాదు. ఆ పనిలో ప్రాణుల మీద దయ లేకపోయిందన్నదే ఆయన మందలింపు.

తవ్వకం చేసేవారికి ఇందులో ఒక చిక్కు ఉంది. కాల్చిన మట్టి వేల ఏళ్లు నిలుస్తుంది. ఆ ఏడు ఇసిగిలి మీద కట్టిన వాటిలో నేటి పరిశోధకుని చేతికి చిక్కగలిగినది ఏదైనా ఉంటే, అది సంఘం కూడదన్న ఆ ఒక్క గుడిసె పెంకులే. సంఘం ఒప్పుకొన్నవన్నీ విప్పేయడానికి కట్టినవి.

ఆరవ సంఘాదిశేషానికి ఆధారమైన ఆళవి కథలో చిక్కు వేరు. అక్కడి భిక్షువులు దాత లేకుండా, కొలత లేకుండా, తమ కోసమే కుటులు కట్టుకుంటూ ఊరిమీద పడ్డారు. మనిషిని ఇవ్వండి, ఎద్దును ఇవ్వండి, బండి, గొడ్డలి, బాడిస, పార, ఉలి, తీగలు, వెదురు, గడ్డి, మట్టి ఇవ్వండి అని అడిగారు. ఒక కుటికి ఏమేమి కావాలో చెప్పే ఇంతకన్నా మంచి జాబితా ప్రాచీన వాఙ్మయంలో అరుదు. చివరకు ఆళవి ప్రజలు ఆవులను చూసి కూడా భిక్షువులనుకొని దారి తప్పుకొన్నారట.

అప్పుడు వచ్చిన నియమం కొలతతో మొదలవుతుంది: సుగత జేనతో బయటి కొలతగా పొడవు పన్నెండు, లోపలి కొలతగా వెడల్పు ఏడు. స్థలాన్ని ముందుగా భిక్షువులకు చూపించి అనుమతి పొందాలి. అది చీమలు, చెదలు, పాములు, ఏనుగులు, పులుల వంటి వాటికి ఆవాసమై ఉండరాదు. పంట చేనును ఆనుకొని ఉండరాదు. కుటి చుట్టూ ఎద్దులు పూన్చిన బండి తిరిగేంత చోటు ఉండాలి. కుటి అంటే లోపల గానీ వెలుపల గానీ పూత పూసినదని గ్రంథమే నిర్వచించింది. గడ్డి గుడిసెకు, గుహకు ఈ నియమం వర్తించదు. నిలిచిపోయే కట్టడానికే హద్దు. రాలిపోయేదానికీ, కొండలో ముందే ఉన్నదానికీ హద్దు అక్కరలేదు.

సుగత జేన ఎంత? సామాన్యుని జేనకు మూడింతలని అట్ఠకథ చెప్పింది. ఆ లెక్కన కుటి దాదాపు 8 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు ఉండాలి. ఒంటరి భిక్షువు కట్టుకొనే గుడిసెకు అది నమ్మదగిన కొలత కాదు. పైగా సుగత చీవరం తొమ్మిది జేనల పొడవని మరొక నియమం ఉంది. అదే లెక్క వేస్తే వస్త్రం 6 మీటర్లు దాటుతుంది. జేనను సుమారు 25 సెంటీమీటర్లుగా తీసుకొనేవారి మాటే సమంజసం. అప్పుడు కుటి 3 మీటర్ల పొడవు, 1.75 మీటర్ల వెడల్పు: పడుకోవడానికి, కూర్చోవడానికి, పాత్ర పెట్టుకోవడానికి చాలినంత.

ఇంత చిన్న ప్రమాణం ఉంటే కట్టుబడి వేగమవుతుంది. చుల్లవగ్గంలో రాజగృహ శ్రేష్ఠి ఒక్క రోజులో అరవై విహారాలు కట్టించిన కథ ఉంది. దానిని అతిశయోక్తిగా తోసిపుచ్చనవసరం లేదు. ఆ దశలో విహారమంటే ఒక మనిషి నివాసమే. ఒకే కొలతకు కోసిన కర్రలు, ఒకే తీరు కప్పు, కావలసినంతమంది పనివారు ఉంటే అది అసాధ్యం కాదు. విడిభాగాలుగా కొండమీదికి మోసి బిగించే గదులను నేటి వాస్తుశిల్పులు కొత్త ఆలోచనగా చెబుతారు. శ్రేష్ఠి వడ్రంగులకు అది వింతగా తోచి ఉండదు. ఆ అరవైనీ ఆయన వచ్చినవారికీ రాబోయేవారికీ, నాలుగు దిక్కుల సంఘానికి ఇచ్చారు. ఎవరి సొంతమూ కాని గది ఎవరికైనా సరిపోవాలి కదా.

మాయమైన ఆ గుడిసెల రూపం మిగిలింది రాతిలోనే. గయకు ఉత్తరాన బరాబర్ కొండల్లో అశోకుడు పన్నెండవ పాలనా సంవత్సరంలో ఆజీవకులకిచ్చిన సుదామ గుహలోని గుండ్రటి గదికి, కప్పు అంచు గడ్డి చూరులా ముందుకు వచ్చి ఉంటుంది. వానపడని గుహలోపల చూరెందుకు? శిల్పికి అలవాటైన నివాసం గుడిసె కనుక. ఏలూరు జిల్లా గుంటుపల్లిలో గుండ్రటి చైత్యగృహపు కప్పులో కర్ర వాసాలను రాతిలో చెక్కారు. అది నివాసం కాదు, స్తూపానికి కట్టిన ఇల్లు. అయినా దాని కప్పు గుడిసె కప్పే.

విశాఖపట్నం తీరంలోని తొట్లకొండకు ఆ పేరు రాతిలో తొలిచిన నీటి తొట్ల వల్ల వచ్చింది. 1988లో మొదలైన తవ్వకాలలో స్తూపాలు, ఇటుక గదుల వరుసలు బయటపడ్డాయి. ఒకే కొలత గది పక్కన అదే గది, అలా వరుస పెరుగుతూ పోతుంది. కర్ర పోయి ఇటుక వచ్చినా పద్ధతి మారలేదు. కానీ ఇటుక రాకముందు ఆ కొండమీద ఎవరూ వర్షావాసం చేయలేదని అనుకోవడానికి ఆధారం లేదు. తొట్టి తొలిచినవారికి తలదాచుకొనే చోటు కూడా ఉండే ఉంటుంది.

అటువంటి చోటు ఆనవాలు ఇటుక కాదు. వాలును కొట్టి చదును చేసిన చిన్న అరుగు, రాతిలో కర్ర పాతిన గుంట, వాననీటిని పక్కకు మళ్లించిన సన్నని కాలువ, దగ్గరలో ఒక తొట్టి. బౌద్ధ స్థలాల సర్వేలో శిల్పాలనూ ఇటుక దిబ్బలనూ మాత్రమే నమోదుచేస్తే, రక్షణ హద్దు కూడా వాటి చుట్టూనే గీస్తారు. హద్దుకు అవతలి వాలును ఒక్క రోజులో యంత్రం చదును చేస్తే పోయేది ఈ అరుగులూ గుంటలే. తీరాంధ్ర కొండల సర్వే పత్రంలో వీటికి వేరుగా ఒక గడి ఉండాలి. గుంటల మధ్య దూరాన్ని కొలిచి రాయాలి. పదిహేను చోట్ల ఆ కొలతలు దొరికితే, పన్నెండు జేనలంటే ఎంతో అట్ఠకథను అడగవలసిన పని ఉండదు.