పోర్ట్‌న్యూఫ్ ఒండ్రు గరప నేల

పోర్ట్‌న్యూఫ్ ఒండ్రు గరప నేల అమెరికాలోని ఐడహో రాష్ట్రం దక్షిణ భాగంలో, స్నేక్ నది మైదానపు మెట్ట భూముల్లో విస్తారంగా కనిపించే నేల రకం. గాలి మోసుకొచ్చిన మెత్తని ఒండ్రు, బసాల్ట్ రాతిపై పేరుకోవడంతో ఇది ఏర్పడింది. పైన తేలికగా దున్నుడు పడే లేత గోధుమరంగు మన్ను ఉంటుంది. దాని కింద సున్నం, సిలికా కలిసి అతుక్కున్న తెల్లని గట్టి పొర తగులుతుంది. పైమన్ను మందం ఎంతో, ఆ పొలం విలువ అంత. అమెరికా నేలల వర్గీకరణలో ఇది పొడి ప్రాంతాల నేలలైన అరిడిసోల్స్ క్రమానికి చెందుతుంది.

వాతావరణం, సహజ వృక్షజాలం

ట్విన్ ఫాల్స్ చుట్టుపక్కల ఈ మైదానం సముద్ర మట్టానికి వెయ్యి మీటర్లకు పైన ఉంటుంది. ట్విన్ ఫాల్స్, కింబర్లీ పరిసరాల్లో ఏడాది వర్షపాతం సుమారు 250 మిల్లీమీటర్లు. అందులో ఎక్కువ భాగం చలికాలంలోనూ వసంతంలోనూ వానగా, మంచుగా పడుతుంది. వేసవి దాదాపు పొడిగానే గడుస్తుంది. సాగులోకి రాకముందు ఇక్కడ సేజ్‌బ్రష్ పొదలు, గుబురుగా పెరిగే గడ్డి తప్ప చెట్లు దాదాపు ఉండేవి కావు. రాలే ఆకు తక్కువ కాబట్టి నేలలో సేంద్రియ పదార్థమూ తక్కువే.

పుట్టుక

మంచుయుగంలో నదీ తీరాల నుంచీ ఎండిన చెరువు గర్భాల నుంచీ లేచిన ధూళి బసాల్ట్ లావా పలకల మీద దశలవారీగా పేరుకుంది. ఇలా గాలి పరచిన ఒండ్రును లోయెస్ అంటారు. చలికాలపు తేమ పైమన్నులోని సున్నాన్ని కరిగించి కిందికి దించుతుంది. వాన తక్కువ కాబట్టి ఆ నీరు ఎంతో లోతుకు పోదు. వేసవిలో వేర్లు తేమను పీల్చేసుకోగానే సున్నం అక్కడే గడ్డకడుతుంది. అగ్నిపర్వతపు బూడిద శిథిలమై విడుదలయ్యే సిలికా కూడా ఆ లోతులోనే దిగి సున్నంతో కలిసి రేణువులను అతికిస్తుంది. వేల ఏళ్లుగా తడి ఎంతవరకు దిగిందో ఈ తెల్లపొరను చూస్తే తెలుస్తుంది.

నిలువు కోత

గుంట తవ్వి చూస్తే మూడు అంతస్తులు కనిపిస్తాయి. మొదటి 30–45 సెంటీమీటర్లు లేత గోధుమరంగు ఒండ్రు గరప. ఆ కింద తెల్లగా, ఎండినప్పుడు పలుగుకు గట్టిగా తగిలే సున్నపు పొర. అందులో సిలికా పట్టిన ఉండలూ ఉంటాయి. ఇంకా కిందికి వెళ్తే మళ్లీ మెత్తబడే సున్నపు ఒండ్రు, చివరికి బసాల్ట్. సేజ్‌బ్రష్ నేలల్లో సికాడా పురుగుల పిల్లలు వేర్ల వెంట తవ్విన బొరియలు మట్టితో నిండి, స్తంభాల్లాంటి చిన్న ముక్కలుగా గట్టిపడి గుంటలో బయటపడుతుంటాయి.

భౌతిక లక్షణాలు

పైమన్నులో సుమారు మూడింట రెండు వంతులు ఒండ్రు, అయిదో వంతు బంకమన్ను, మిగిలింది సన్న ఇసుక. ఒండ్రు రేణువులు 0.002 నుంచి 0.05 మిల్లీమీటర్ల పరిమాణంలో ఉంటాయి. తేమను పట్టి ఉంచి వేరుకు అందించడంలో ఇలాంటి గరపకు మంచి పేరుంది. మీటరు లోతుకు సుమారు 150–200 మిల్లీమీటర్ల నీరు పైరుకు దొరుకుతుంది. అయితే రేణువులను కలిపి ఉంచే బంకమన్నూ సేంద్రియ పదార్థమూ చాలకపోవడంతో మట్టి కణికలు తేలికగా విడిపోతాయి. చలికాలంలో గడ్డకట్టి కరగడం వల్ల అవి మరింత బలహీనపడతాయి. వాన పడి ఆరితే పైన పెచ్చు కడుతుంది. నీరు పారితే మన్ను దానితోపాటే పోతుంది.

గట్టి పొర అనగానే నీరు కిందికి దిగదనిపిస్తుంది. పోర్ట్‌న్యూఫ్‌లో అలా కాదు. పొర పూర్తిగా మూసుకుపోలేదు కాబట్టి నీరు సందుల గుండా దిగుతుంది. అక్కడ ఆగిపోయేది పైరు వేరు. అందువల్ల పైరుకు అందే నీటి నిల్వ ప్రధానంగా పైమన్ను లోతును బట్టి ఉంటుంది.

రసాయన లక్షణాలు

నేల స్వల్ప క్షార గుణం కలది. ఉదజని సూచిక సాధారణంగా 7.5–8 పరిసరాల్లో ఉంటుంది. పలచని హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్క వేస్తే తెల్లపొర బుసబుస పొంగుతుంది. ముక్కను ఆమ్లంలో నానబెట్టినప్పుడు సున్నం అతికించిన భాగం చెదిరిపోతుంది. సిలికా అతికించిన ఉండలు మాత్రం నిలుస్తాయి. అవి కరగాలంటే గాఢమైన క్షారం కావాలి. తెల్లమన్నులో భాస్వరం, జింకు మొక్కకు సరిగా అందవు. చిక్కుడు జాతి పైర్లలో జింకు లోపం త్వరగా కనిపిస్తుంది.

సాగు, నేలకోత

1894 నాటి కేరీ చట్టం పొడి భూములకు కాలువలు తవ్వడానికి దారి తీసింది. 1905లో మిల్నర్ ఆనకట్ట పూర్తయి ట్విన్ ఫాల్స్ భూములకు నీరు వచ్చింది. చిక్కుడు గింజలు, చక్కెరదుంప, బంగాళాదుంప, బార్లీ, గోధుమ, అల్ఫాల్ఫా ఇక్కడి ప్రధాన పైర్లు. పొలం తల దగ్గర వదిలిన నీరు చాళ్ల వెంట వాలుకు పారే పద్ధతి దశాబ్దాల పాటు సాగింది. తల దగ్గర నీటి వడి ఎక్కువ కాబట్టి అక్కడి మన్ను కొట్టుకుపోయి పొలం తోకలో మేట వేసింది. దున్నిన కొద్దీ తెల్లపొర పైకి తేలింది. పై నుంచి చూస్తే పొలాల తల వైపు తెల్లని పట్టీలు కనిపించేంతగా ఇది ముదిరింది. సుమారు 80 ఏళ్ల చాళ్ల సేద్యం ఆ ప్రాంతపు దిగుబడి సామర్థ్యాన్ని కనీసం నాలుగో వంతు తగ్గించిందని కింబర్లీలోని వ్యవసాయ పరిశోధకులు అంచనా వేశారు.

యాజమాన్యం

కింబర్లీ ప్రయోగశాలలో 1990ల్లో పాలీఅక్రిలమైడ్ అనే పదార్థాన్ని లీటరు సాగునీటికి 10 మిల్లీగ్రాముల చొప్పున కలిపి చాళ్లలో పారించారు. అది రేణువులను కూడగట్టి మన్ను కొట్టుకుపోవడాన్ని సగటున 94 శాతం తగ్గించింది. దున్నడం తగ్గించడం, చాళ్లలో గడ్డి పరచడం, తుంపర సేద్యానికి మారడం కూడా మేలు చేస్తాయి. తెల్లబడిన చోట పశువుల ఎరువు వేస్తే పైరు కోలుకుంటుంది. తోకలో చేరిన మన్నును తిరిగి తలకు చేరవేయడం ఖర్చుతో కూడిన మరో మార్గం. నేల చదును చేసేటప్పుడు పైమన్నును విడిగా తీసి పెట్టకపోతే, నేలకోత ఏళ్లకు గానీ బయటపెట్టని తెల్లపొరను బుల్‌డోజరే ఒక్క రోజులో పైకి తెస్తుంది.

పోలికలు

ఇదే మైదానంలోని మినిడోకా ఒండ్రు గరపలో సిలికా పట్టు మరింత బలంగా ఉండి, అతుకు పూర్తయిన పొర అర మీటరు నుంచి మీటరు లోతులోనే తగులుతుంది. తెలుగు నేలపై నల్లరేగడి అడుగున దొరికే సున్నపు గడ్డలు కూడా కరిగి దిగిన సున్నమే. అయితే అవి సాధారణంగా విడివిడిగా ఉంటాయి. ట్రాక్టరు బరువుకూ ఒకే లోతు దుక్కికీ నాగటి అడుగున ఏర్పడే గట్టి పొర మనిషి చేసింది. లోతు దుక్కితో దాన్ని పగలగొట్టవచ్చు. పోర్ట్‌న్యూఫ్‌లో అదే పని చేస్తే సున్నం పైకి వచ్చి పైమన్నులో కలుస్తుంది. కాబట్టి అక్కడ పొరను పగలగొట్టడం కంటే దాని మీది మన్నును కాపాడుకోవడమే ముఖ్యం.