వచ్చిన అరబ్బులు, పోయిన మనవాళ్ళు

మన సంఘం ప్రత్యేక సంచికకు చరిత్రకు సంబంధించిన విషయం ఏదైనా వ్రాయవలసిందిగా కార్యవర్గం వారు కోరినారు. కోటల గురించి, గుళ్ళ గురించి వ్రాయగల పెద్దలు మనలో చాలామంది ఉన్నారు. నేను రిజిస్ట్రేషను శాఖలో గుమాస్తాగా సర్వీసు చేసి రిటైరైనవాణ్ణి. నాకు తెలిసింది కాగితం, స్టాంపు, సంతకం, ఇంతే. కనుక దూరదేశం పోయిన మనిషికి సొంత ఊరి సొమ్ముతో, రాజకీయంతో ఉండే సంబంధం గురించి నాకు తెలిసినంతవరకు వ్రాస్తున్నాను. మన సభ్యుల ఇండ్లలో చాలావాటిలో కొడుకో, అల్లుడో, మనుమడో విదేశంలో ఉన్నాడు. కాబట్టి ఇది మన ఇంటి సంగతే.

నిజాం కొలువులో అరబ్బులు

మనవాళ్ళు గల్ఫు పోవడం అందరికీ తెలుసు. కాని నూటయాభై ఏండ్ల క్రితం ఇదే దారి ఎదురుదిక్కుగా నడిచిన సంగతి కొద్దిమందికే తెలుసు. నేటి యెమెన్ దేశం దక్షిణ తీరాన హద్రమౌత్ అనే ప్రాంతం ఉన్నది. వానలు తక్కువ, సాగు తక్కువ. అక్కడి మగవాళ్ళు బతుకుదెరువుకు జావా పోయేవారు, తూర్పు ఆఫ్రికా పోయేవారు, మన హైదరాబాదుకూ వచ్చేవారు. నిజాం సైన్యంలో అరబ్బు సిపాయిలకు, వారి జమేదార్లకు మంచి గిరాకీ ఉండేది. హైదరాబాదులోని బార్కస్ వారు ఉన్న బ్యారకుల పేటే. బ్యారక్స్ అన్న మాటే బార్కస్ అయినది.

జమేదారు అంటే ఉత్త సిపాయి నాయకుడు కాడు. సర్కారుకు, జాగీర్దార్లకు అప్పులిచ్చేవాడు కూడా. జీతాలు, అప్పులు బాకీపడితే తాలూకాల వసూళ్ళే వారి చేతికి పోయేవి. 1853లో దివాను అయిన మొదటి సాలార్‌జంగు ఆ తాలూకాలను విడిపించి సర్కారు కిందికి తెచ్చుకోవడానికి చాలా కష్టపడవలసి వచ్చింది.

ఈ జమేదార్లలో ఉమర్ బిన్ అవద్ అల్ ఖుఐతీ అనే ఆయన పెద్దవాడు. హైదరాబాదులో సంపాదించిన సొమ్మును సొంత దేశానికి పంపి, అక్కడ కోటలు, ఊళ్ళు తన కుటుంబం చేతికి తెచ్చుకోవడం మొదలుపెట్టినాడు. ఆయన 1865లో చనిపోయినాడు. కొడుకులు అదే పని కొనసాగించి 1867లో షిహర్ రేవును, 1881లో ముకల్లా రేవును పట్టుకున్నారు. వారితో పోరాడిన కసీరీ వంశంవారికి, ఔలకీ కుటుంబానికి కూడా హైదరాబాదులో జమేదారీలు ఉండేవి. అంటే అక్కడ జరిగిన యుద్ధంలో రెండు పక్షాలకూ ఖర్చు మన దక్కను ఖజానా నుంచి పోయిన జీతాల్లోనుంచే పోయింది. హైదరాబాదు అరబ్బులు అక్కడి తగాదాల్లో తలదూర్చకుండా చూడమని ఇంగ్లీషువారు సాలార్‌జంగు మీద ఒత్తిడి తెచ్చినారు. చివరకు 1888లో ఖుఐతీలు బ్రిటిషు రక్షణ కిందికి పోయినారు. ఆ తరువాత కూడా ఆ వంశం ఒక కాలు హైదరాబాదులో, ఒక కాలు ముకల్లాలో పెట్టుకొనే నడిచింది. 1936 నుంచి 1956 వరకు సుల్తానుగా ఉన్న సాలేహ్ బిన్ గాలిబ్ హైదరాబాదులో పెరిగినవాడే.

1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగింది. నిజాం సైన్యం రద్దయింది. అరబ్బులను వేల సంఖ్యలో ఓడలెక్కించి ఏడెనుకు పంపినారు. ఇక్కడ పుట్టి ఇక్కడే పెండ్లాడినవారు కొందరు ఉండిపోయినారు. అక్కడ ఏం జరిగింది? రెండో ప్రపంచయుద్ధంలో జావా సొమ్ము ఆగినప్పుడే హద్రమౌత్‌లో కరువు వచ్చింది. 1948-49లో మళ్ళీ వచ్చింది. వానలు లేకపోవడం ఒక కారణమైతే, బయటినుంచి సొమ్ము రాకపోవడం ఇంకొక కారణం. ఖుఐతీ సుల్తానుల రాజ్యం 1967 సెప్టెంబరు 17న ముగిసింది. మనకు కూడా సెప్టెంబరు 17 గుర్తున్న తేదీయే.

ఇందులో మనం గమనించవలసింది ఒకటున్నది. పెద్ద జమేదారు సొమ్ముతోబాటు తన మాట కూడా ఊరికి పంపగలిగినాడు. సొమ్ము ఎవరి పేరున ఉండాలో, దానితో ఏం చేయాలో ఇక్కడ కూర్చొనే నిర్ణయించినాడు. అక్కడ నమ్మకమైన కొడుకులను పెట్టుకున్నాడు. మామూలు సిపాయికి ఆ వసతి లేదు. అతడు పంపింది ఇల్లు గడవడానికి సరిపోయింది. పంపడం ఆగిన రోజు ఇల్లు పస్తులున్నది.

మన రూపాయి అక్కడ నడిచిన కాలం

మరొక ముచ్చట ఈ తరంవారికి వింతగా ఉండవచ్చు. కువైటు, బహరేను, ఖతారు, దుబాయి, మస్కటులలో ఒకప్పుడు మన రూపాయే చెలామణి అయ్యేది. ఆ నోట్ల ముసుగులో బంగారం దొంగరవాణా పెరిగిందని 1959లో రిజర్వు బ్యాంకు ఆ దేశాలకోసం వేరే రంగు నోట్లు అచ్చువేసింది. వాటిని గల్ఫు రూపాయలు అనేవారు. కువైటు 1961లో, బహరేను 1965లో సొంత నాణేలు తెచ్చుకున్నాయి. 1966 జూన్ 6న మన రూపాయి విలువ తగ్గించగానే ఖతారు, దుబాయి కూడా రూపాయిని వదిలేసినాయి. మస్కటు 1970లో వదిలింది. ఆ తరువాత ఏడెనిమిదేండ్లకే మనవాళ్ళు అదే దినారుకోసం, దిర్హముకోసం బారులు తీరినారు.

మెతుకుసీమ నుంచి గల్ఫుకు

1973లో చమురు ధర పెరిగింది. అరబ్బు దేశాల్లో రోడ్లు, రేవులు, మేడలు కట్టే పని మొదలైంది. కరీంనగర్, నిజామాబాద్ జిల్లాలతోబాటు మన ఉమ్మడి మెదక్ జిల్లానుంచి, ముఖ్యంగా సిద్దిపేట, దుబ్బాక వైపునుంచి, జనం కదిలినారు. అంతకుముందు బొంబాయి, భివండి, షోలాపూరు పోయినవాళ్ళే బొంబాయి ఏజెంట్ల ద్వారా ముందు విమానం ఎక్కినారు. మన పటాన్‌చెరు, రామచంద్రాపురం సంగతి వేరు. 1960ల్లో బీ.హెచ్.ఈ.ఎల్., 1970ల్లో పటాన్‌చెరు పారిశ్రామికవాడ వచ్చినాయి. చుట్టుపక్కల షెడ్లలో వెల్డింగు, ఫిట్టింగు, లేతు పని నేర్చిన పిల్లలు కొందరు ఆ పనితనాన్నే పట్టుకొని సముద్రం దాటినారు. ఒకవైపు ఊరి పొలం ఫ్యాక్టరీకి పోతుంటే, ఇంకొకవైపు ఆ ఊరి పిల్లవాడు దేశం దాటి పోతున్నాడు.

పోవడానికి నూటికి మూడు రూపాయల వడ్డీకి అప్పు. పోయినాక మొదటి రెండేండ్లు ఆ అప్పు తీర్చడానికే సరి. బ్యాంకు డ్రాఫ్టు రిజిస్టరు కవరులో వచ్చేది. తొందర ఉన్నవారికి హుండీ ద్వారా చేతికే వచ్చేది. చదువురానివారు క్యాసెట్టులో మాటలు నింపి ఊరికి వచ్చేవారితో పంపేవారు. ఇంట్లో అందరూ టేపురికార్డరు చుట్టూ కూర్చొని వినేవారు.

ఆ సొమ్ముతో భూమి కొన్నారు. ఎవరి పేరున? పంపినవాడు ఇక్కడ లేడు కనుక అన్న పేరున, నాయన పేరున, బావమరిది పేరున. అప్పట్లో అది అలవాటు, అనుకూలం. తరువాత చట్టమే అటు నెట్టింది. 2000 జూన్ 1న ఫెమా చట్టం అమలుకు వచ్చినప్పటినుంచి, విదేశంలో ఉంటున్న భారతీయుడు ఇక్కడ ఇల్లు, ప్లాటు కొనవచ్చు గాని సాగుభూమి కొనరాదు. వారసత్వంగా వచ్చింది ఉంచుకోవచ్చు. ఇసుకలో ఇటుకలు మోసేవాడికి ఈ నిబంధన ఎవరు చెప్పినారు? వాడు తిరిగివచ్చేసరికి భూమి అన్న పేరున, ధర మాత్రం పదింతలు. అన్నదమ్ముల తగాదాలు అక్కడ మొదలైనవే.

నా చేతిమీదుగా జరిగిన పొరపాటు

ఇప్పుడు నా సంగతి ఒకటి చెప్పక తప్పదు. 1986లో నేను పనిచేస్తున్న ఒక కచేరీకి ఒక పెద్దమనిషి వచ్చినాడు. సౌదీలో ఉన్న కొడుకు, బొంబాయి రోడ్డు దగ్గర తన పేరున ఉన్న రెండెకరాలు అమ్మడానికి తండ్రికి ముఖ్తారునామా వ్రాసి, భారత రాయబార కచేరీలో సంతకం చేసి పంపినాడు. బిడ్డ పెండ్లి కుదిరింది. దేశం బయట వ్రాసిన పత్రానికి ఇక్కడ మూడు నెలలలోపల స్టాంపు వేయించుకోవాలి. నేను సంతకం తేదీ చూసినాను. నాలుగు నెలలు దాటింది.

"పెద్దయ్యా, గడువు అయిపోయింది. ఇది చెల్లదు. కొత్తది తెప్పించండి" అన్నాను.

"సారూ, మావోనికి అక్కడ సేటు ఛుట్టీ ఇస్తలేడు. ఆ పట్నం పోయి రావాల్నంటె రెండు దినాలు పడ్తదట" అన్నాడు.

నేను మిసిల్ మూసి ఇంకొకరిని పిలిచినాను. ఆయన వెళ్ళిపోయినాడు.

తరువాత శాఖాపరమైన పరీక్షకు చదువుతూ స్టాంపుల చట్టం 18వ సెక్షను మళ్ళీ చూసినాను. మూడు నెలలు లెక్కపెట్టవలసింది సంతకం తేదీనుంచి కాదు, పత్రం మొదట భారతదేశానికి చేరిన తేదీనుంచి. ఆ కాగితం ఊరి మనిషి ఎవరో సెలవుమీద వస్తూ తెచ్చింది. చేరి నెల కూడా కాలేదు. పెద్దాయన ఆ మాట చెప్పనే చెప్పినాడు. నేను వినలేదు. గడువు నిజంగానే దాటినా, జరిమానా కట్టి సరిచేయించుకునే దారి అదే చట్టంలో ఉన్నది. అదీ చెప్పలేదు.

పెండ్లికి ఆయన వడ్డీకి తెచ్చినాడు. రెండేండ్లలో ఆ రెండెకరాలు వడ్డీకింద పోయినాయి. కొడుకు తిరిగివచ్చి కచేరీకి వచ్చినాడు. నన్ను ఏమీ అనలేదు. "ఎన్నడు వచ్చిందో రుజువు అడిగితే తెచ్చేటోళ్ళం గద సారూ" అన్నాడు. నేను తలవంచుకున్నాను. ఇప్పటికీ బస్సులో ఆ రోడ్డున పోతుంటే అటువైపు చూడలేను.

సొమ్ముకు విలువ, మనిషికి?

1990 ఆగస్టు 2న ఇరాకు కువైటును ఆక్రమించింది. మనవాళ్ళు దాదాపు 1,70,000 మందిని జోర్డాను రాజధాని అమ్మాను మీదుగా విమానాల్లో తీసుకువచ్చినారు. తరువాత ఐక్యరాజ్యసమితి పరిహార సంఘం నష్టపోయినవారికి డాలర్లలో పరిహారం ఇచ్చింది. అక్కడ ఉన్నట్లు కాగితం చూపగలిగినవాడికి పని సులువైంది.

ఆ మరుసటి ఏడు, 1991లో, దేశం దగ్గర విదేశీ మారకం అడుగంటింది. ప్రవాసుల పెద్ద పెద్ద డిపాజిట్లు భయపడి వెనక్కు పోవడం అందులో ఒక కారణం. రిజర్వు బ్యాంకు దాదాపు 47 టన్నుల బంగారం విదేశానికి పంపి కుదువబెట్టింది. మన పి.వి. నరసింహారావు గారు ప్రధాని అయిన తొలి రోజుల సంగతి అది. డిపాజిటుదారు సొమ్ము లాక్కున్నాడు గాని, ఇల్లు గడపవలసిన కూలివాడు పంపడం మానలేదు. మానితే వాని ఇంట్లో పొయ్యి వెలగదు.

రాజకీయం మాటకు వస్తే, తెలంగాణ ఉద్యమకాలంలో గల్ఫు క్యాంపుల్లో బతుకమ్మలు ఆడినారు, చందాలు పోగుచేసి పంపినారు. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చినప్పుడు అక్కడా మిఠాయిలు పంచుకున్నారు. కాని వారికి ఓటు? 2010లో చట్టం సవరించి, 2011 ఫిబ్రవరినుంచి ప్రవాస భారతీయుడు 6-ఎ ఫారముతో ఓటరుగా నమోదు కావచ్చునన్నారు. అయితే పోలింగునాడు స్వయంగా ఊరికి వచ్చి, అసలు పాస్‌పోర్టు చూపి ఓటు వేయాలి. రెండేండ్లకొకసారి సెలవు దొరికేవాడు విమానం టిక్కెట్టు పెట్టుకొని ఓటుకు వస్తాడా? విదేశీ పౌరసత్వం తీసుకున్నవారికి ఆ మాత్రం కూడా లేదు.

2024లో తెలంగాణ ప్రభుత్వం గల్ఫులో చనిపోయిన కార్మికుల కుటుంబానికి 5 లక్షల రూపాయలు ఇచ్చే ఏర్పాటు చేసింది. మంచి పని, ఎవరూ కాదనరు. అయితే చనిపోతే సర్కారు లెక్కలోకి వచ్చే మనిషి, బతికుండగా తన ఊరి ఓటులో లెక్కకు రావడం లేదు. తన సొమ్ముతో కొన్న భూమి పహాణీలోనూ చాలాసార్లు రావడం లేదు. నూరేండ్లనాటి అరబ్బు సిపాయి గతి, నేటి మన కూలివాని గతి ఇక్కడ ఒక్కటే. సొమ్ము ఇల్లు చేరుతుంది, మాట చేరదు.

సభ్యులకు నా మనవి. మనం రిటైరైనా కాయిదం చదవడం మరిచిపోలేదు. మీ ఊళ్ళో, మీ వాడలో ఎవరి బిడ్డ అయినా విదేశం పోయి ఉంటే, వారి ముఖ్తారునామా వచ్చిన కవరు తేదీతో సహా దాచమని చెప్పండి. వచ్చిన మూడు నెలల్లో స్టాంపు వేయించండి. వారి సొమ్ముతో కొన్న ఇల్లు, ప్లాటు వారి పేరునే చేయించండి. 6-ఎ ఫారము నింపి పెట్టండి. ఓటు వేసే సులువైన దారి రేపు వస్తే, జాబితాలో పేరు ఉన్నవాడికే కదా అందేది. ఎవరైనా కాగితం పట్టుకొని మీ గడపకు వస్తే కూర్చోబెట్టి, వారు చెప్పేది చివరిదాకా వినండి. నేను ఆ రోజు వినలేదు.