వాడని లైటు స్విచ్ తొలగింపు

అక్కరలేని లైటు స్విచ్‌ను షాక్ కొట్టకుండా, మిగతా బోర్డు చెడకుండా విడదీసే పని ఇది. కర్నూలు, కడప ప్రాంతాల పాత మిద్దెల్లో గదులు మార్చినప్పుడు ఈ అవసరం పడుతుంది. ఇంటి సరఫరా 230 వోల్టులు. మెయిన్ ఆపితే చాలదు. ఇన్వర్టర్ ఉంటే దాని లైను బోర్డులో బతికే ఉంటుంది, దాన్నీ ఆపాలి. ఆపాక తీగల్లో కరెంటు లేదని టెస్టర్‌తో చూడాలి, ఆ టెస్టర్ పనిచేస్తోందో లేదో అంతకుముందే ప్లగ్గులో చూసుకోవాలి.

అసలు చిక్కు లూపింగ్‌లో ఉంది. మన బోర్డుల్లో ఫేజ్ తీగ ఒక స్విచ్ నుంచి పక్కదానికి వెళ్తుంది. మధ్యదాన్ని పీకేస్తే అవతలి స్విచ్‌లకు కరెంటు అందదు. అందుకే ఒకే స్క్రూ కింద ఉన్న రెండు ఫేజ్ కొసలనూ కనెక్టర్‌లో కలిపి బిగించాలి. లైటుకు వెళ్లే తీగ రెండు కొసలనూ విడివిడిగా కనెక్టర్లతో మూయాలి. ఉత్త టేపును నమ్మకూడదు, సీమ ఎండలకు జిగురు వదిలేస్తుంది. ఖాళీలో డమ్మీ ప్లేటు తప్పనిసరి, పిల్లలున్న ఇంట్లో మరీనూ.

పాత వైరింగులో కొన్నిచోట్ల స్విచ్ న్యూట్రల్‌లో ఉంటుంది. ఆఫ్ చేసినా హోల్డర్‌లో కరెంటు ఉంటుంది. పైగా ఎండిన నేలలో ఎర్తింగ్ బలహీనపడుతుంది. వేసవిలో ఎర్త్ గుంతకు నీళ్లు పోయాలి, కరెంటు లీకైతే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించాలి. తీగలు ఎటు వెళ్తున్నాయో తెలియకపోతే లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి.